కుడిచేతి గోళ్లు

"ఇవి అంటుకోవు. వెనక్కి తీసుకో."

కౌంటర్ మీద నెయిల్ ఫామ్‌ల ప్యాకెట్ ఒకటి వచ్చి పడింది. నేను తలెత్తాను.

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర బ్యూటీ పార్లర్లకు సామాన్లు అమ్మే షాపు నాది. దుకాణంలో కూర్చునేవాడు వచ్చిన మనిషి ముఖం కన్నా ముందు చేతులు చూడాలి. కొనేవాళ్ల చేయి సరుకును తడుముతుంది. కొననివాళ్ల చేయి ఫోన్ పట్టుకుని ఉంటుంది. ఈ అమ్మాయి చేతులు రెండూ పిడికిళ్లు బిగించి ఉన్నాయి.

"తెరిచిన ప్యాకెట్ వాపసు తీసుకోనమ్మా," అన్నాను.

"తెరవకుంటే అంటుకోవని ఎట్ల తెలుస్తాదన్నా?"

మాట న్యాయంగానే ఉంది. ఒప్పుకుంటే నష్టం కాబట్టి ఒప్పుకోలేదు.

"ఫామ్ తప్పు కాదు. దాన్ని గోరంచు కింద దూర్చల్ల. యాడ దూర్చినావో చూపించు."

పిడికిలి విప్పలేదు.

"చూపించకుంటే నేనేం చెప్పేది?"

అప్పుడు విప్పింది. గోళ్లు వేలి కొసలకంటే లోపలికి అరిగిపోయి ఉన్నాయి. కొరికిన గోళ్లు కావు. ఉప్పుకాగితంతో రుద్దినట్టున్నాయి.

"ఏం పని చేస్తాండావ్ నువ్వు?"

"దేవుళ్లను రుద్దుతా."

"దేవుళ్లనా?"

"ఆళ్లగడ్డ మాది. మా నాయన రాతి బొమ్మలు చెక్కుతాడు. నీళ్లు పోసి నున్నగా రుద్దే పని నాది. రాయి నున్నగైతాది, గోళ్లు పోతాయి." గోడ మీద ఉన్న బైబిల్ వాక్యాల క్యాలెండర్ చూసి, "మీకు ఆ బాధ లేదులే," అంది.

"మా చర్చిలో బెంచీలు ఉండాయి. అవి రుద్దేకి వస్తావా?"

నవ్వు వచ్చింది ఆమెకు. ఆపుకుంది. ఆపుకున్న నవ్వు చాలాసేపు కళ్లలో నిలిచి ఉంది. ఆమె పేరు ఇంద్రజ అని ఆ పూటే తెలుసుకున్నాను, బిల్లు మీద రాయాలని సాకు చెప్పి.

నెయిల్ ఫామ్ అంటే పెద్ద వస్తువేం కాదు. వెండిరంగు స్టిక్కరు. మధ్యలో గోరంత చిల్లు, చుట్టూ గీతలు. దాన్ని గుండ్రంగా వంచి గోరంచు కింద దూర్చి, రెక్కలు రెండూ వేలికి అతికిస్తే గోటి ముందు చిన్న చూరు దిగినట్టుంటుంది. ఆ చూరు మీద జెల్ పరిచి లాంప్ కింద పెడితే గట్టిపడుతుంది. తర్వాత కాగితం కిందికి లాగేస్తే పెట్టుడు గోరు మిగులుతుంది. గోటికీ కాగితానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందున్నా జెల్ అందులోకి కారుతుంది. మొత్తం పాడు.

ఇంద్రజ గోళ్లకు అంచే లేదు. నేను కత్తెర తీసుకుని ఆమె వేలి కొస ఎంత గుండ్రంగా ఉందో ఫామ్ చిల్లునూ అంతే గుండ్రంగా కత్తిరించి చూపించాను. కాగితం వేలికి అతుక్కుపోయింది.

"అరె," అంది. "ఇది ముందే చెప్పుంటే గొడవే లేదు కదన్నా."

"ప్రతిదానికీ అన్నా అనకు."

"మరేమనల్ల?"

"షాపాయనా అను."

"సరే షాపాయనా," అని ప్యాకెట్ తీసుకుని ఆళ్లగడ్డ బస్సు కోసం పరుగెత్తింది.

మళ్లీ వచ్చినప్పుడు ఎడమ చేతి గోళ్లు చూసి నేనే ఆశ్చర్యపోయాను. సన్నగా, సమంగా, నిజం గోళ్లలాగే ఉన్నాయి. కుడి చేయి మాత్రం వెనక దాచుకుంది.

"దాన్నీ చూపించు."

"నవ్వకూడదు."

నవ్వాను. ఒక గోరు పైకి లేచింది, ఒకటి పక్కకు తిరిగింది, బొటనవేలి మీద జెల్ గడ్డకట్టింది.

"ఎడమ చేతికి కుడి చెయ్యి చేసింది," అంది ఇంద్రజ. "కుడిచేతికి ఎవరు చేస్తారు? ఎడమచేత్తో ఫామ్ పెడితే వణుకుతాది. మా ఊర్లో ఆడోళ్లను అడిగితే, రాళ్లు రుద్దేదానికి గోళ్లేందీ అని నవ్వుతారు."

"మరి నీకెందుకు ఇదంతా?"

"పెండ్లిండ్లప్పుడు పార్లరోళ్లు పిలుస్తారంట. నాయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనని డాక్టరు చెప్పినాడు. నేను వేరే పని పట్టుకుంటేనే ఆయన ఉలి దించేది." కొంచెం ఆగింది. "ఇంగో మాట ఉండాదిలే. చిన్నాయన నాయన ముందరే అంటాడు, కొడుకులేనోడివి, నీకు నిప్పు పట్టేది నా కొడుకు హరీషే అని. నాయన ఒప్పుకోడు. నా బిడ్డ పడతాది అంటాడు. ఆయన పోయేది నాకు ఇష్టమా? కానీ ఆ దినం వస్తే మాత్రం నాయన మాటే చెల్లల్ల. ఆయన నన్ను అడిగింది అదొక్కటే."

స్టూల్ ముందుకు లాగాను. "కుడి చెయ్యి ఇట్లియ్యి."

అమ్మిన సరుకు వాడటం రాకపోతే ఆ గిరాకీ మళ్లీ రాదు, అందుకే నేర్పుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. బయటివాళ్లకు చెప్పే లెక్కలో తేడా ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మనకు మనం చెప్పుకునే లెక్కను పట్టుకునేవాళ్లుండరు.

అప్పటినుంచి ఆమె ఎడమ చేయి ఇంట్లో చేసుకుని రావడం, కుడి చేతికి నేను ఫామ్‌లు పెట్టడం అలవాటయింది. నేను కాగితం బిగించి పట్టుకుంటే ఆమె ఎడమచేత్తో జెల్ పరిచేది. రాళ్ల పనికి అడ్డమని, ఆమె ఇంటికి పోయేముందు నేనే అన్నీ రుద్ది తీసేసేవాణ్ని.

"రొంత కిందికి. కిందికప్పా! నీ చేతులేంది చపాతీ కర్రల మాదిరి ఉండాయి?"

"మీ నాయన చెక్కిన చేతులు కావులే ఇవి."

"ఆయన చెక్కుంటే ఇంత మొద్దుగా రావు."

ఒకరోజు రాగానే అంది: "పెండ్లి డిజైన్లు చూపియ్యి. ఎర్రది, బంగారు గీత ఉండేది."

డిజైన్ల పుస్తకం తీసి ఆమె ముందు పడేసి వేరే గిరాకీ వైపు తిరిగాను. ఆమె పేజీలు తిప్పుతూ కూనిరాగం తీస్తోంది.

"ఎవరికి?" అని ఉండబట్టలేక అడిగాను.

"జ్యోత్స్నకు. నా స్నేహితురాలు. కోయిలకుంట్లకు ఇస్తాండారు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"నీ మొగం ఎట్లయితాదో చూద్దామని," అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం, ఆమె రెండు చేతులకూ ఒకేసారి జెల్ వేశాక కరెంటు పోయింది. లాంప్ ఆగింది. జెల్ గట్టిపడలేదు, ఎక్కడ తాకినా పాడవుతుంది. బయట వాన చౌక్‌లో మనుషులెవరినీ మిగల్చలేదు. ఇంద్రజ రెండు చేతులూ గాలిలో పట్టుకుని, పోలీసులకు దొరికిన దొంగలా కూర్చుంది.

"నవ్వుతాండావా? ముక్కు దురదపెడతాంది నాకు."

"గోకమంటావా?"

"గమ్మునుండు."

పక్క హోటలువాడు టీ ఇచ్చిపోయాడు. గ్లాసు ఆమె పెదవుల దగ్గర పెట్టాను.

"కాలతాంది. ఊదు."

"నేనా?"

"నా చేతులు చూస్తాండావ్ కదా. ఊదు షాపాయనా."

ఊదాను. ఒక్క గుటక తాగి కళ్లు దించుకుంది. సరుకు ఎంత నచ్చిందో పైకి కనిపిస్తే బేరం పోతుందని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాణ్ని. ఆ నేర్పు ఇక్కడ దేనికీ పనికిరాలేదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కి ఆమె ముందు పట్టుకున్నాను.

"యాడుండావ్ మ్మా?" మధ్యలో దగ్గు. "వాన గదా."

"నంద్యాలలోనే నాయనా. షాపులో. చేతికి రంగు పూసుకున్నా, కరెంటు పోయింది."

"చేతికి రంగు పూసుకున్నానంటివే, ఫోన్ ఎట్ల పట్టుకున్నావ్?"

"షాపాయన పట్టుకున్నాడు."

అవతల ఇంకోసారి దగ్గు.

"వాన్ని ఆదివారం ఇంటికి రమ్మను," అన్నాడు ఆమె నాయన రంగయ్య. "నా బిడ్డ చెయ్యి పట్టుకునేటోడు ఎట్లుంటాడో చూడల్ల గదా."

ఇంద్రజ చేతులు గాలిలోనే ఉన్నాయి, ముఖం దాచుకోవడానికి కూడా వీల్లేకుండా.

ఆదివారం ఆరాధన కాగానే బండి తీశాను. శిరివెళ్ల దాటేదాకా ఏం మాట్లాడాలో అనుకుంటూ పోయి, ఆళ్లగడ్డ చేరేసరికి అంతా మరిచిపోయాను.

ఇంటి ముందు రేకుల కొట్టం. అందులో సగం చెక్కిన బొమ్మలు. మంచం మీద రంగయ్య దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సన్నగా ఉన్నాడు. శ్వాస తీసుకున్నప్పుడల్లా భుజాలు లేస్తున్నాయి. పక్కన ఆయన తమ్ముడు, తమ్ముడి కొడుకు హరీష్. వాకిట్లో ఇంద్రజ అమ్మ ఉమామహేశ్వరమ్మ నన్ను ఒకసారి చూసి, ఏమీ అడగకుండా మంచినీళ్లిచ్చింది.

"ఏందీ ఆ కాగితాలు?" అన్నాడు రంగయ్య. "ఇంద్రజ చెప్తే నాకు ఎక్కలేదు. చేసి చూపించండి. రెండు చేతులకూ."

ఆయన ముందే కూర్చున్నాం. ఆమె ఎడమ చేతికి తనే ఫామ్‌లు పెట్టుకుంది. కుడి చేతికి నేను పెట్టాను. ఆయన కళ్లు మా వేళ్ల మీదినుంచి కదలలేదు. లాంప్ కింద గట్టిపరిచి, కాగితాలు లాగేసి, రుద్ది, కడిగి, ఆమె రెండు చేతులూ తండ్రి ముందు చాపింది.

రంగయ్య ఆ చేతులు పట్టుకున్నాడు. ఒక్కో గోటి మీదా బొటనవేలితో నిమిరాడు.

"నా రాయి తినేసింది వీటిని," అన్నాడు. "చిన్నప్పుడు ఎంత బాగుండేవో. నేను రుద్దమంటే రుద్దింది. ఒక్క దినం గూడా నా గోళ్లు పోతాండాయి నాయనా అని చెప్పలే. ఈ పొద్దు మళ్లా చూస్తి."

"నాయనా, ఊరుకో."

"ఊరుకోను. ఒరే తమ్ముడూ, నువ్వూ విను. హరీషూ, నువ్వూ విను. నువ్వు మంచోడివే. కానీ నా రాయిని ఎప్పుడూ ముట్టుకోలేదు. నన్ను మాత్రం యాల ముట్టల్ల? నా నిప్పు ఈ చేతుల్తోనే."

తమ్ముడు తల తిప్పుకున్నాడు. "ఆడపిల్ల కాటికొచ్చేదేందన్నా? జనం ఏమంటారు?"

"జనం నన్నేమన్నా మోసినారా, వాళ్ల మాట వినేకి?" అన్నాడు రంగయ్య. దగ్గు వచ్చి ఆ మాట మీదే ఆగిపోయాడు.

నేను వెళ్తుంటే ఇంద్రజ బండి దాకా వచ్చింది. "నాయన తీసేయొద్దంటాండాడు. కొన్ని దినాలు ఇట్లనే పెట్టుకోమంటాండాడు."

"పెట్టుకో. మూడు వారాలు ఉంటాయి."

అన్ని రోజులు ఆయన లేడు.

ఆ వారంలోనే ఒక ఉదయం నేను షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. ఇంద్రజ గొంతు నేను గుర్తుపట్టలేదు.

"నాయన పోయినాడు."

షట్టర్‌ను సగంలోనే ఆపాను.

"గోళ్లు తీయల్లంట. పెట్టుడు గోళ్లతో నిప్పు పట్టకూడదంట. కర్మ చేయించే అయ్యవారు తీసి రమ్మంటాండాడు. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఎత్తల్లంటాడు చిన్నాయన. లేకుంటే హరీష్ పడతాడంటాండాడు. ఒకటి కట్టర్‌తో లాగితే రక్తమొచ్చింది. నా చేతులు నా మాట వినలేదు. బేగా రా."

ఎత్తిన షట్టర్ మళ్లీ దించాను. ఫైళ్లు, చిన్న గ్రైండింగ్ మిషను జేబులో వేసుకుని బండెక్కాను. ఆ జెల్ ఏ ద్రావకానికీ కరగదు. గట్టిగా లాగితే కింది గోరు కూడా లేచి వస్తుంది. రుద్ది తీయడమొక్కటే దారి. అదే మంచి రకమని నేనే ఏరి ఇచ్చాను.

వాకిట్లో రంగయ్యను తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టారు. చుట్టూ జనం. అరుగు మీద ఇంద్రజ కుడి చేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు. చేయి మాత్రం ముందుకు చాపింది.

నేను ఆమె ముందు నేల మీద కూర్చుని చేయి అందుకున్నాను.

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు ఎవరో ముసలాయన. "శవమున్న ఇంట్లో పిల్ల చెయ్యి పట్టుకుంటాండావ్?"

షాపాయన అంటే అక్కడ చెల్లదు. ఇంకో మాట నేను ఇంకా ఆమెకే చెప్పలేదు.

భర్త కాళ్ల దగ్గర కూర్చున్న ఉమామహేశ్వరమ్మ తల ఎత్తింది.

"పట్టుకోనీ," అంది. "ఎవరూ మాట్లాడొద్దండి."

మిషను పెట్టాను. తెల్లని పొడి ఆమె ఒడిలో రాలుతోంది. ఎడమ చేయి ముగించి కుడి చేతికి వచ్చాను. ఆ చేతికి ఫామ్‌లు బిగించింది నేనే కాబట్టి ఏ గోరు ఎక్కడ పలచనో నా వేళ్లకు తెలుసు. నా రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"ఇంగెంతసేపు?" అన్నాడు చిన్నాయన. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. "ఎండ ఎక్కుతాంది. హరీషూ, స్నానం చేసి రాపో."

హరీష్ కదల్లేదు. "అక్క చేస్తాది నాయనా. పెద్దాయన నా మొగం చూసే చెప్పిపోయినాడు," అని చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టాడు.

చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి ఇంద్రజ వేలు ముడుచుకుంది.

"షాపాయనా." నాకు మాత్రమే వినిపించేలా అంది. "ఇదొక్కటీ ఉంచకూడదా? నాయన పోయేముందు శానాసేపు ఈ వేలే పట్టుకోనుండె."

నా వ్యాపారమంతటిలో నన్నెవరూ అంత చిన్న కోరిక కోరలేదు. ఇవ్వగలిగినవాణ్ని, ఇవ్వలేకపోయాను.

"ఇది ఉంచితే మిగతావి తీసి లాభం లేదు ఇంద్రజా. వాళ్లు ఈ ఒక్కదాన్నే చూపిస్తారు."

ఆమె తండ్రి వైపు చూసింది. తర్వాత వేలు చాపి కళ్లు మూసుకుంది. అది రుద్దుతున్నంతసేపూ ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నావి తుడుచుకోవడానికి నాకు ఖాళీ చేయి లేదు.

హరీష్ తెచ్చిన నీళ్లతో ఆమె చేతులు కడిగాను. అరిగిన పాత గోళ్లు బయటికొచ్చాయి, ఇంకా పలచబడి, ఎర్రగా. అయ్యవారు వంగి చూసి, "చాలు. రా తల్లీ," అన్నాడు.

ఎండ ఇంకా నెత్తి మీదికి రాలేదు.

ఇంద్రజ తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. వేడికి ఆ పలచని గోళ్లు ఎంత మండుతున్నాయో నాకు తెలుసు. ఆమె చేయి మార్చుకోలేదు. ఆడవాళ్లు ఇంటి దగ్గరే ఆగిపోయారు. మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే. నేను మా పద్ధతి వేరు కాబట్టి అందరికంటే వెనక నడిచాను.

వక్కిలేరు గట్టు మీద కట్టెలు పేర్చి ఉన్నాయి. అయ్యవారు చెప్పినట్టు ఆమె చుట్టూ తిరిగింది. తండ్రి ముఖం చివరిసారి చూసింది. నిప్పు పెట్టింది. చిన్నాయన గుడ్డతో నోరు నొక్కుకుని ఏడుస్తుంటే హరీష్ ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఇంగ పో తల్లీ," అన్నాడు అయ్యవారు. "ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడొద్దు. ఏం శబ్దమైనా సరే."

ఇంద్రజ ముందు నడిచింది. మంట చిటపటలాడుతోంది వెనక. జనం అక్కడొకరూ ఇక్కడొకరూ చెదిరిపోయారు. నేను ఆమె వెనక కొంత దూరంలో నడుస్తున్నాను. నా చెప్పులు చేతిలో ఉన్నాయి, అడుగుల చప్పుడు లేదు.

గట్టు దిగే చోట ఆమె ఆగింది. తల కదల్చలేదు.

"వస్తాండావా?" అంది.

పేరు పెట్టలేదు. చిన్నాయనను వదిలి ఆమె పక్కన నడుస్తున్న హరీష్ నా వైపు చూశాడు.

"వస్తాండా," అన్నాను.

ఆమె మళ్లీ నడిచింది. రోడ్డు దాటేటప్పుడు ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను.